ప్రదక్షిణ మైదానం

మా రాష్ట్ర క్రీడాంగణ మండలిలో నన్ను బేస్‌బాల్ కంబగిరి అంటారు. ఆ ఆట నేనెప్పుడూ ఆడలేదు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఒక పెద్ద సమావేశం జరిగింది. బేస్‌బాల్ మైదానం ఏ ఆకారంలో ఉంటుందో ఎవరికైనా తెలుసా అని వేదిక మీదినుంచి అడిగారు. నలభైమంది ఇంజనీర్లు నేలచూపులు చూశారు. ఆర్కిటెక్చర్ చదివే రోజుల్లో లైబ్రరీ పుస్తకంలో ఒక బొమ్మ చూసిన గుర్తుంది నాకు. వెనక వరసలోంచి లేచి, "సద్ది మూటగట్టే గుడ్డను మూలమీద నిలబెడితే ఎట్లుంటుందో అట్లుంటుంది సార్" అన్నాను. ఆ ఒక్క మాటతో నా ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగం ఖరారైపోయింది.

అప్పటినుంచి పోయినేడాది వరకు నాలుగు బేస్‌బాల్ మైదానాలు కట్టాను. పదకొండుసార్లు పునరుద్ధరించాను. కట్టినవాటికంటే బాగుచేసినవి ఎక్కువెలా అయ్యాయని కొందరు అడుగుతారు. ఆడి అరగ్గొట్టిన మైదానానికి ఒకసారి మరమ్మతు చాలు. ఎవరూ ఆడని మైదానం ఏటేటా పాడవుతుంది. మొదటిదాంట్లో వడ్లు ఆరబోశారు. రెండోదాంట్లో హెలికాప్టర్లు దిగాయి. మూడోదాంట్లో పెళ్లిళ్లు జరిగాయి. అక్కడ మైదానం నడుమ, బంతి విసిరే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ మీద పెళ్లిపీటలు వేస్తే అందరికీ బాగా కనిపిస్తుందని ఊళ్లో మంచి పేరొచ్చింది. నాలుగోది ఎక్కడుందో నాకు తెలుసు గాని, అక్కడికి దారి లేదు.

అయిదోది పెన్నగడ్డలో కట్టాను. నాకప్పటికి ఏడాది సర్వీసు మిగిలుంది.

పునాది పని జరుగుతుండగా ఒక ఆడమనిషి ట్రాక్‌సూటు మీద చున్నీ కప్పుకుని, విజిల్ మెళ్లో వేసుకుని వచ్చి నా గీతల కాగితాన్ని తలవంచి చూసింది.

"ఏం సార్, ఇది మా పిల్లోళ్లకేనా, లేకపోతే హెలికాప్టర్‌కా?" అంది.

ఆమె పేరు సుంకులమ్మ. పెన్నగడ్డ బాలికల హైస్కూల్లో ఆటల టీచరు. గోనెసంచుల్లో శెనక్కాయ పొట్టు కుక్కి, పరుగు మలుపు తిరిగే చోట వాటినే బేసులుగా పెట్టి, కోత అయిపోయిన చేలో ఏడేళ్లుగా ఈ ఆట నేర్పుతోందట. ఫిబ్రవరిలో రాష్ట్ర ఎంపిక మ్యాచ్ ఉంది. గెలిచిన జట్టు జాతీయ పోటీలకు పోతుంది. మ్యాచ్ పెన్నగడ్డకు కేటాయించారు. మైదానం సిద్ధంగా లేకపోతే మ్యాచ్ రద్దవుతుంది, పెన్నగడ్డ పేరు జాబితాలోంచి పోతుంది. జట్టులో తొమ్మిదిమందికి వయసు దాటిపోతోంది, ఇంకో ఏడాది లేదు.

"ఏడేండ్లు చేనుగట్టు మీద పరిగెత్తినారు సార్. ఒకసారి గీత గీసిన నేల మీద పరిగెత్తల్ల" అంది.

నాకూ అదే ఆశ అని ఆమెకు చెప్పలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో నేను గీసిన గీత మీద ఒక్క మనిషి మూడు బేసులూ తిరిగి, మొదలుపెట్టిన చోటికి, ఈ ఆటలో ‘ఇల్లు’ అనేదానికి, రావడం నేను చూడలేదు. రైతు బిడ్డను. విత్తినది మొలిచిందా లేదా చూడకుండా పొలం దిగిపోవడం నాకు చేతకాదు.

ప్రారంభోత్సవానికి మా మండలి అధ్యక్షులు విరూపాక్షమూర్తిగారు వచ్చారు. ఆయన వెంట సంప్రదాయ సలహాదారు అనంతశయనంగారు వచ్చారు. అనంతశయనంగారు సహకార శాఖలో ఎరువుల గోదాములు చూసి పదవీ విరమణ చేసినవారు. శాస్త్రజ్ఞానం ఆయనకు విరమణ తర్వాత మూడు వారాల్లో అబ్బింది.

రిబ్బను కత్తిరించాక పిల్లలు నమూనా ఆట ఆడారు. వన్నూర్‌బీ అనే పిల్ల మొదట బ్యాటు పట్టింది. బక్కపలచని పిల్ల, కాళ్లు మాత్రం పొడుగు. రెండో బంతిని కొట్టి కుడివైపు ఒకటో బేసుకు పరిగెత్తి, ఎడమకు తిరిగి రెండో బేసు దాటి, మళ్లీ ఎడమకు తిరిగి మూడోదాని మీదికి వస్తోంది. నేను కుర్చీ అంచుకు జరిగాను. ఇంకో తొంభై అడుగులు పరిగెత్తితే ఇరవై తొమ్మిదేళ్ల ముచ్చట తీరేది.

అనంతశయనంగారు అధ్యక్షుల చెవిలో ఏదో చెప్పారు. అధ్యక్షులు లేచి చెయ్యెత్తారు. ఎవరో మైకులో "ఆపండి" అన్నారు. వన్నూర్‌బీ మూడో బేసు మీద ఆగి, తను చేసిన తప్పేమిటా అని చుట్టూ చూసింది.

"కంబగిరిగారూ," అన్నారు అధ్యక్షులు, "మండలి దృష్టికి ఒక తీవ్రమైన దిశాలోపం వచ్చింది. సదరు క్రీడాకారిణి ఎటు తిరుగుతున్నట్టు?"

"ఎడమవైపు సార్."

"గుడిలో ఎటు తిరుగుతాం?"

"కుడివైపు సార్."

"ఎడమవైపు ఎక్కడ తిరుగుతాం?"

అనంతశయనంగారే గొంతు తగ్గించి, "శ్మశానంలో" అన్నారు. వేదిక మీద ఉన్న పదిమంది ఒక్కసారి కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

"నాలుగు మైదానాలు వృద్ధిలోకి రాకపోవడానికి కారణం ఇప్పటికి బోధపడింది" అన్నారు అధ్యక్షులు. ఇరవై తొమ్మిదేళ్లుగా కారణం మేమేనని అంటున్నారు కాబట్టి, ఆ మాట విన్నప్పుడు నా ప్రాణానికి కొంచెం హాయిగానే అనిపించిందని ఒప్పుకోవాలి.

వారం తిరక్కుండా ప్రదక్షిణ నియమావళి వచ్చింది. పరుగు ఇకమీదట కుడివైపు సాగాలి. బ్యాటు పట్టిన పిల్ల మొదట మూడో బేసుకు పోవాలి, అక్కడినుంచి రెండో బేసుకు, తర్వాత ఒకటో బేసుకు. అయితే మూడు, రెండు, ఒకటి అని లెక్క వెనక్కి పోతే అభివృద్ధి వెనక్కి పోయినట్టుంటుందని, ఒకటో బేసును మూడో బేసు చోటికీ, మూడో బేసును ఒకటో బేసు చోటికీ మార్చాలని అందులోనే రాశారు.

"సార్, అవి రెండూ ఒకేలాంటి సంచులు. ఒకే దర్జీ కుట్టాడు. పేర్లు మార్చుకుంటే చాలు గదా" అని ఫోన్‌లో అడిగాను.

"పేరు మార్చడం పరిపాలన. చోటు మార్చడం పునరుద్ధరణ. మనది ఏ మండలి?" అన్నారు అధ్యక్షులు.

నలుగురు కూలీలు ఒకటో బేసును పెకలించి, మోసుకుని, కుడివైపు చుట్టు తిరిగి మూడోదాని చోట పెట్టారు. మూడోదాన్ని తెచ్చి ఒకటోదాని చోట పెట్టారు. ముగ్గురు సభ్యుల కమిటీ పక్కన నడిచింది. అంతా అయ్యాక చూస్తే మార్చకముందు ఎట్లుందో అట్లే ఉంది. అసలు మార్చారా లేదా అని అనంతశయనంగారికి అనుమానం వచ్చింది. రుజువు చూపలేక మళ్లీ మార్చాం. మళ్లీ మార్చేసరికి మొదటిచోటికే వచ్చాయని ఒక సభ్యుడికి తట్టింది. మూడోసారి మార్చాం.

ఆ తనిఖీ రోజునే అనంతశయనంగారు అతిథుల గదిలో కూర్చుని పైకి చూశారు. ఫ్యాను ఎడమవైపు తిరుగుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లు మార్చాడు. ఫ్యాను కుడివైపు తిరిగి, గాలి కిందికి రావడం మాని పైకప్పుకు కొట్టింది. చెమట తుడుచుకుంటూ అందరూ సంతృప్తి వ్యక్తం చేశారు.

తర్వాత కొళాయిల వంతు వచ్చింది. కొళాయి తెరవాలంటే ఎడమకు తిప్పాలి, కట్టాలంటే కుడికి తిప్పాలి. కాబట్టి ప్రాంగణంలో కొళాయిలు కట్టడానికి మాత్రమే అనుమతి ఇచ్చారు. పిల్లలు ఇళ్లనుంచి నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. వన్నూర్‌బీ ఇరవై లీటర్ల క్యాను భుజాన పెట్టుకుని వచ్చేది. మూత వదులు. దారంతా నీళ్ల చార ఆమె వెంట వచ్చేది.

"ఏం పాపా, సగం నీళ్లు రోడ్డే తాగుతోంది" అన్నాను ఒకరోజు.

"మీ కొళాయి తాగనియ్యల్యా గదా సార్, రోడ్డన్నా తాగనీ" అంది.

జనవరిలో అనంతశయనంగారు సాధన చూడడానికి వచ్చి ఇంకో సంగతి పట్టారు. ఈ ఆటలో ఎడమచేతికి తోలు తొడుగు వేసుకుని దాంతో బంతి పట్టుకుంటారు, కుడిచేత్తో విసురుతారు.

"ఒక వస్తువును ఎడమచేత్తో అందుకోవడమా?" అన్నారు ఆయన.

తొడుగులు కుడిచేతికి మార్చారు. అప్పుడు పిల్లలు ఎడమచేత్తో విసరాల్సి వచ్చింది.

"ఒక వస్తువును ఎడమచేత్తో ఇవ్వడమా?" అన్నారు ఆయన.

చివరికి తేలినదేమిటంటే, బంతిని కుడిచేత్తో పట్టుకోవాలి, తొడుగు తీసి మర్యాదగా పక్కన పెట్టాలి, అదే కుడిచేత్తో విసరాలి. తొడుగు నేల మీద పెడితే అపచారం కాబట్టి, ఒక్కో క్రీడాకారిణి పక్కన మోకాలెత్తు గ్రానైటు అరుగు కట్టమని నాకు ఆదేశం వచ్చింది. దానికి ‘తొడుగు విరమణ వేదిక’ అని పేరు పెట్టారు. తొమ్మిది వేదికలు గీశాను. నా జీవితంలో గీసిన అన్నిటికంటే అందంగా వచ్చాయి.

ఆ పద్ధతిలో ఒక ఆట ఆడి చూశారు. బంతి పట్టుకున్న పిల్ల తొడుగు విప్పి వేదిక మీద పెట్టేలోపు కొట్టిన పిల్ల ఇంటికొచ్చేసేది. ఒక పూటలో అరవై ఒక్క పరుగులొచ్చాయి. రాష్ట్రంలో బేస్‌బాల్ ప్రమాణాలు ఇంత వేగంగా పెరగడం ఇదే మొదటిసారని అధ్యక్షులు పత్రికా ప్రకటన ఇచ్చారు.

ప్రకటన వచ్చిన మర్నాడు రెండో బేసు దగ్గర ఇద్దరు పిల్లలు గుద్దుకున్నారు. ఒకతె నియమావళి ప్రకారం కుడి చుట్టుగా వచ్చింది. వన్నూర్‌బీ ఏళ్లనాటి అలవాటు ప్రకారం ఎడమ చుట్టుగా వచ్చింది. వన్నూర్‌బీకి ముందుపన్ను సగం విరిగింది. విరిగిన ముక్క కోసం ఆమె మట్టిలో వెతుకుతోంది. సుంకులమ్మ నా దగ్గరికి వచ్చి ఒక కవరు చేతిలో పెట్టింది. క్రీడా సమాఖ్య నుంచి వచ్చిన ఉత్తరం అది. ఎంపిక మ్యాచ్‌కు పరిశీలకురాలిని పంపుతున్నామని, ఆట లోకమంతటా ఉన్న నిబంధన ప్రకారం ఎడమవైపు పరుగుతోనే జరగాలని, లేకపోతే ఫలితం చెల్లదని రాశారు.

"కుడికి పోతే మ్యాచ్ చెల్లదంట. ఎడమకు పోతే మీవోళ్లు మైదానం ఇయ్యరంట. ఇంక పిల్లోళ్లు పైకి ఎగరల్లనా సార్?" అంది.

"పది రోజులుంది గదమ్మా."

"పది రోజుల్లో ఈ పిల్లోళ్ల కాళ్లను యా పక్కకు తిప్పల్లనో చెప్పండి, తిప్పుతా. మీది యా ఊరు సార్?"

చెప్పాను. పెన్నకు అవతలి గట్టున మా పల్లె. ఆమె పుట్టిన ఊరు దానికి రెండు మైళ్లు.

"అట్లయితే నువ్వు మా పక్కనోడివే అన్నా. ఇన్నాళ్లూ సార్ సార్ అని నోరు నొప్పి పుట్టించుకున్యా" అంది. తర్వాత వేదిక మీద కూర్చుంది. తొడుగులు పెట్టే వేదిక మీద మనిషి కూర్చోవడం నియమావళికి విరుద్ధమే. "మన పల్లెల్లో ఎడమ కుడి అని ఇంత యాగీ యాడుండాది అన్నా? మా నాయన ఒకటే చెప్పేవాడు. అరుగు మీద పెద్దమనిషి కూర్చోనుంటే ఆయప్ప నీకు కుడిపక్కన ఉండేట్లు నడిచిపో అనేవాడు. అంతే. ఈ పిల్లోళ్లు పరిగెత్తేటప్పుడు కుడిపక్కన ఎవురుండారు? జనం ఉండారు. జనానికి మర్యాద ఇచ్చినట్లే గదా?"

నేను ఆమె వంక చూశాను. ఆమె వెనకున్న గ్యాలరీ వంక చూశాను. గ్యాలరీ నడుమ అధ్యక్షుల కోసం వేసిన ఎత్తు కుర్చీ వంక చూశాను. ఆ సాయంత్రమే కొత్త కాగితం మీద మైదానాన్ని మళ్లీ గీసి, ఒక్క ఆ కుర్చీకి మాత్రం ఎర్రసిరా పెట్టాను.

అధ్యక్షుల ఆఫీసులో ఫ్యాను కుడివైపు తిరుగుతోంది. ఆయన ముందు ఒక విసనకర్ర ఉంది. ఆయన పదవీకాలం మార్చిలో అయిపోతుందనీ, పొడిగింపు ఫైలు మూడు నెలలుగా ఎక్కడో ఆగిపోయిందనీ ఆఫీసులో అటెండరు మొదలు అందరికీ తెలుసు. అనంతశయనంగారు పక్క కుర్చీలో ఉన్నారు.

"సార్, నియమావళిలో ఒక చిన్న సందేహం" అన్నాను. "ప్రదక్షిణ కేంద్రానికి చేయాలని ఉంది. కేంద్రం అంటే ఏమిటో నిర్వచనం ఇవ్వలేదు."

"మధ్యలో ఉండేదే కేంద్రం. నిర్వచనం అనవసరం" అన్నారు అధ్యక్షులు.

"గుడిలో దేవుడు మధ్యలో ఉన్నాడు కాబట్టి మధ్య కేంద్రమైంది సార్. మైదానం మధ్యలో ఎవరున్నారు? బంతి విసిరే పిల్ల ఉంది. తొమ్మిదో తరగతి. ఆ పిల్లకు రాష్ట్రం తరఫున ప్రదక్షిణ చేయిస్తున్నాం."

అధ్యక్షులు విసనకర్ర ఆపారు.

కాగితం ఆయన ముందు పరిచాను. "తమరి కుర్చీ ఇక్కడ. పిల్లలు కుడివైపు పరిగెత్తితే వాళ్ల కుడిచెయ్యి ఆ పిల్లవైపు ఉంటుంది. ఎడమచెయ్యి తమరి వైపు ఉంటుంది."

"అంటే?"

"అంటే సార్, నియమావళి అమల్లోకి వచ్చిన మూడు నెలలుగా..." అని ఆగాను. కొన్ని మాటలు పైవాళ్లే పూర్తి చేసుకుంటే వాళ్లకు గౌరవంగా ఉంటుంది.

ఆయన వేళ్లు ముడిచి లెక్కపెట్టుకున్నారు. నియమావళి వచ్చింది ఏ వారమో, ఫైలు ఆగింది ఏ వారమో ఆయనకు నాకంటే బాగా గుర్తుంది. ఆయన ముఖం అనంతశయనంగారి వైపు తిరిగింది.

"మూడు నెలలుగా ఒక సంస్థ అధ్యక్షుణ్ణి ఎడమచేతి వైపు పెట్టుకుని తిప్పుతున్నారా?"

అనంతశయనంగారు ఎరువుల గోదాముల్లో ముప్ఫై ఏళ్లు నెగ్గుకొచ్చిన మనిషి. "నేను అప్పుడే అనుకున్నాను" అన్నారు.

"మరి తొడుగు?" అని అధ్యక్షులు నన్ను అడిగారు.

"ఎడమచెయ్యి తొడుగుకు ఇచ్చారంటే, కుడిచెయ్యి తమరికి వందనం చేయడానికి ఖాళీగా ఉంచుకున్నారని నా మనవి సార్."

అప్పటికప్పుడు సవరణ మీద సంతకం పడింది. పరుగు ఎడమవైపే సాగాలి, పట్టేది ఎడమచేత్తోనే పట్టాలి. వేదికలు ఉన్నచోటే ఉండొచ్చు, పూలకుండీలు పెట్టుకోవచ్చు. కొళాయిల సంగతి ఎత్తడం నేను మరిచిపోయాను. నేను మరిచింది వాళ్లు గుర్తు చేసుకోరు.

లేవబోతుంటే అనంతశయనంగారు వేలెత్తారు. "ఒక లోపం ఉంది. కుర్చీ ఒక పక్కనే ఉంది. పిల్ల అవతలి పక్కకు పోయినప్పుడు కుడిచేతి వైపు అధ్యక్షులు ఉండరు గదా?"

"నాలుగు పక్కలా ఉండాలి" అన్నారు అధ్యక్షులు, మెల్లగా, ఆ సంగతి తనకు చిన్నప్పటినుంచి తెలుసన్నట్టు.

నాలుగు గ్యాలరీల్లో నాలుగు ఎత్తు కుర్చీలు కట్టించాను. ఒకదాంట్లో ఆయన కూర్చుంటారు. మిగతా మూడింటిలో ఆయన నిలువెత్తు ఫోటోలు, ఒక్కోదాని మీద ఒక్కో శాలువా, ఒక్కో దండ.

మ్యాచ్ రోజు పొద్దున్నే పెన్నగడ్డ అంతా గ్యాలరీ ఎక్కింది. చుట్టుపక్కల ఊళ్లనుంచి ఆటోల్లో వచ్చారు. ఆట తెలిసినవాళ్లు తక్కువ, పిల్లలు తెలిసినవాళ్లు ఎక్కువ. సమాఖ్య పరిశీలకురాలు టోపీ పెట్టుకుని, స్కోరు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కుర్చీల్లో ఉన్న ఫోటోల గురించి ఆమె అడిగింది. స్వర్గస్థులా అంది. కాదన్నాను.

పక్క జిల్లా పిల్లలు గట్టివాళ్లు. ఆఖరి విడతకు చెరి నాలుగు పరుగులతో సమానంగా ఉన్నారు. వన్నూర్‌బీ బ్యాటు పట్టింది. సుంకులమ్మ గీత బయట నిలబడి, "పాపా, యా పక్కకు పోవల్లనో తెల్సు గదా?" అని అరిచింది.

"నా పన్నుకు కూడా తెల్సు మేడం" అంది ఆ పిల్ల.

బంతి గ్యాలరీ గోడకు తగిలి కిందపడి దొర్లింది. వన్నూర్‌బీ ఒకటో బేసు దాటింది. రెండో బేసు దాటింది. అక్కడ ఒక్క క్షణం ఎదురుగా ఎవరైనా వస్తున్నారేమోనని చూసింది. మూడోది దాటింది. బంతి వెనకే వస్తోంది. నేను గీసిన సున్నపుగీత పక్కనే, గీత ఒక్కచోట కూడా చెరక్కుండా పరిగెత్తి వచ్చి, పొట్ట మీద జారి, చేత్తో ఇల్లు తాకింది. అది అయిదో పరుగు, గెలుపు పరుగు. నా కళ్లద్దాలు ఎందుకో మసకబారాయి. తుడుచుకుని మళ్లీ చూశాను. పిల్ల అక్కడే ఉంది, దుమ్ములో వెల్లకిలా పడుకుని, సగం పన్నుతో నవ్వుతోంది.

పరిశీలకురాలు స్కోరు కాగితం మీద సంతకం చేసి మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత జరిగినదానితో ఆ కాగితానికి సంబంధం లేదు.

అధ్యక్షులు కప్పు ఇవ్వడానికి మైదానంలోకి దిగారు. మట్టిదిబ్బ మీద నిలబడితే వెలుతురు బాగుంటుందని ఫోటోగ్రాఫర్ అన్నాడు. ఆయన పోయి సరిగ్గా మధ్యలో నిలబడ్డారు. మెడలో మూరెడు లావు బంతిపూల దండ ఉంది. ఎండకు కళ్లు మూసుకున్నారు.

పిల్లలకు సంతోషం ఆగలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, జట్టులోని పదిహేనుమందీ ఆయన చుట్టూ పరుగు అందుకున్నారు. వాళ్లకు తెలిసిన పరుగు ఒకటే, ఎడమవైపు. వన్నూర్‌బీ దాహానికి నీళ్ల క్యాను ఎత్తి భుజాన పెట్టుకుని ఉంది. అట్లే అందరికంటే ముందు పరిగెత్తింది. వదులు మూతలోంచి నీళ్లు సన్నగా కారుతూ ఆయన చుట్టూ గుండ్రంగా గీత గీశాయి.

మొదటి చుట్టుకు జనం చప్పట్లు కొట్టారు. రెండో చుట్టుకు చప్పట్లు పలచబడ్డాయి. నా ముందు వరసలో ఒక ముసలాయన మెల్లగా తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. పక్కనున్న ఆయన చెప్పులు విడిచాడు.

"ఎవురు పోయింది?" అని వెనకనుంచి ఎవరో ఆలస్యంగా వచ్చినాయన అడిగాడు.

"పెద్దమనిషే. అదో, మూడు పక్కలా ఫోటోలు పెట్టినారు గదా, దండేసి" అంది ఒకామె.

మూడో చుట్టు అయ్యాక వన్నూర్‌బీకి భుజం నొప్పి పుట్టింది. వెనక్కి తిరిగి చూడకుండా క్యాను వీపు మీదినుంచి కిందికి వదిలేసింది. అది నేలకు కొట్టుకుని పగిలింది. గ్యాలరీలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అధ్యక్షులు కళ్లు తెరిచేసరికి మైదానమంతా నిశ్శబ్దంగా ఉంది. రెండువేల మంది లేచి నిలబడి ఉన్నారు. తనకు ఇంత గౌరవం ఎప్పుడూ దక్కలేదని ఆయన ముఖం చెబుతోంది. అనంతశయనంగారు పరుగున వచ్చి చెవిలో చెప్పేదాకా ఆ వెలుగు అట్లే ఉంది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. నా ఉద్యోగంలో అందిన ఆఖరి బేస్‌బాల్ ఉత్తర్వు అది. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, భవిష్యత్తులో ఏ గౌరవనీయ వ్యక్తీ చుట్టుముట్టబడే ప్రమాదము లేకుండుటకై, రాష్ట్రములోని సకల క్రీడాంగణములకు మధ్యభాగము ఉండరాదు. పెన్నగడ్డ క్రీడాంగణము నుండి మధ్యభాగమును తక్షణమే తొలగించవలెను.’

సాయంత్రం సుంకులమ్మ ఫోన్ చేసింది. పిల్లలకు రైలు టికెట్లు దొరికాయట. వెనకనుంచి వన్నూర్‌బీ ఎవరితోనో కిటికీ సీటు కోసం పోట్లాడుతోంది.

"అన్నా, మైదానం మళ్లా తవ్వుతారంట నిజమేనా?"

"మధ్య తీసెయ్యమన్నారు."

"మధ్య తీసేస్తే ఏముంటాది?"

"చుట్టూ ఉంటుంది."

"మేం వచ్చి యాడ ఆడల్ల అన్నా? కింద తరగతి పిల్లోళ్లు వస్తాండారు గదా."

"పొయ్యి రాండమ్మా. నేను చూసుకుంటా" అన్నాను.

ఫైలు తీసి ముందు పెట్టుకున్నాను. నాకు అయిదు నెలల సర్వీసుంది. ఇరవై తొమ్మిదేళ్లలో మైదానాలు కట్టడమే కాదు, వాళ్ల భాష రాయడం కూడా నేర్చుకున్నాను. కుదురుగా ఇట్లా రాశాను:

‘మధ్యభాగమును తొలగించుటకు ముందు సదరు మధ్యభాగము ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో నిర్ధారించుట అవసరము. నిర్ధారణకై ఏడుగురు సభ్యుల కమిటీని నియమించి, దానికి సలహాదారు శ్రీ అనంతశయనంగారిని అధ్యక్షులుగా చేయవలసినదిగా ప్రార్థన. కమిటీ నివేదిక అందువరకు, మధ్యభాగము చెదరకుండుటకై, క్రీడాకారులు తప్ప మరెవ్వరును మైదానములో అడుగు పెట్టరాదు.’

మూడు రోజుల్లో మంజూరై వచ్చింది. ఏడుగురు చాలరు, పదకొండుమంది ఉండాలని మాత్రం సవరించారు. కమిటీ మొదటి సమావేశం ఏ గదిలో, ఎవరు ఎటు తిరిగి కూర్చుని జరపాలన్న దాని మీద ఇంకా ఆలోచిస్తున్నారు.